తిన్నంక వేసిన గోలీలు

మా ఇంట్లో ఇంగ్లీషు కాగితాలు చదవడం నా పని. బాపు ఫ్యాక్టరీ నుంచి తెచ్చే ఫారాలు, కరెంటు నోటీసులు, బ్యాంకు నుంచి వచ్చే ఉత్తరాలు అన్నీ నా ముందుకే వస్తాయి. అమ్మకు చదువు రాదు. బాపు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. అందుకే హైదరాబాద్ దవాఖాన నుంచి అమ్మను జహీరాబాద్‌కు తీసుకొచ్చిన రోజు, డిశ్చార్జి కాగితాల కట్ట నా ఒళ్ళోనే ఉంది. కారు సదాశివపేట దాటేలోపు రెండుసార్లు చదివాను. అర్థమైందనుకున్నాను.

అమ్మకు మొదట కామెర్లు వచ్చాయి. పసరు తాగించారు, పథ్యం పెట్టారు, తగ్గలేదు. స్కానింగ్‌లో క్లోమం మీద గడ్డ కనిపించింది. క్యాన్సర్ అన్నారు. పెద్ద ఆపరేషన్ చేసి క్లోమంలో సగం, పిత్తాశయం, చిన్నపేగు మొదటి ముక్క, కడుపులో కొంత తీసేసి, మిగిలిన కొసలను ఒకదానికొకటి కలిపి కుట్టారు. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. బాపు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ బొమ్మను అంగీ జేబులో పెట్టుకుని, అడిగిన ప్రతివాళ్ళకూ తీసి చూపించి, "పైపులైన్ మొత్తం మార్చిన్రు" అని చెప్పేవాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక్క మాట గట్టిగా చెప్పాడు. గడ్డ మొత్తం వచ్చేసింది, కానీ కంటికి కనిపించనిది ఏమైనా మిగిలిందేమో తెలియదు, దానికోసం ఇంజక్షన్లు ఇవ్వాలి. రెండు నెలల్లోపు మొదలుపెడితే మంచిది. అప్పటికి ఆమె బరువు నలభై రెండు కిలోలకంటే తగ్గకూడదు. తగ్గితే ఆ మందును ఒళ్ళు తట్టుకోదు.

"ఇప్పుడు నలభై నాలుగు ఉంది. బాగా తినిపించండి" అన్నాడు.

ఆ సాయంత్రమే నేను తెల్ల డ్రాయింగ్ షీటు మీద మందుల పట్టిక గీశాను. నా దస్తూరీ బాగుంటుంది. పిల్లల బడిలో పనిచేసేటప్పుడు గోడల మీద చార్టులన్నీ నాతోనే రాయించేవాళ్ళు. అమ్మకు చదవడం రాదు గనుక ప్రతి మందు పక్కన దాని రంగు వేశాను. రెండు గడులు పెట్టాను. ఒకటి తినకముందు, రెండోది తిన్నంక. గోధుమరంగు గొట్టం గోలీల దగ్గర కాగితం మీద భోజనంతో పాటు అని ఉంది. కొంచెంసేపు ఆలోచించి వాటిని తిన్నంక గడిలో రాశాను. మా ఇంట్లో మందులకు ఉన్నవి ఆ రెండు గడులే.

ఎందుకో చెప్పాలి. కుడిచెయ్యి ఎంగిలయ్యాక అమ్మ దేన్నీ ముట్టదు. తింటూ ఉప్పు కావాలన్నా నన్ను పిలుస్తుంది. అలాంటిది మందుల డబ్బాను తీసుకెళ్ళి దేవుని గూట్లో కుంకుమ భరిణ పక్కన పెట్టుకుంది. ప్రాణం నిలబెట్టేది అక్కడే ఉండాలంది. ఇక తినడం మధ్యలో గోలీ వేసుకునే మాటే లేదు. పళ్ళెం కడిగి, నోరు పుక్కిలించి, కూర్చున్నచోటు తుడిచి, కొంగుతో చేతులు ఒత్తుకుని, జర సేపు కూర్చుని, అప్పుడు గూటి దగ్గరకు వెళ్ళేది. తినగానే మాత్ర మింగితే కక్కొస్తదని ఆమె నమ్మకం. గోలీ కడుపులో పడేసరికి అర్ధగంట దాటేది. ఆ గోలీ దేనికో మాలో ఎవరికీ తెలియదు. అరుగుదలకు అని మెడికల్ షాపు అతను చెప్పాడు. అరుగుదల గోలీ అంటే తిన్నాక వేసుకునేదే కదా.

మూడోరోజు కోహీర్ నుంచి మా అత్తమ్మ దిగింది. అత్తమ్మ అంటే బాపుకు అక్క. ఒక చేతిలో జామపండ్ల సంచి, ఇంకో చేతిలో స్టీలు డబ్బా నిండా నెయ్యి. చీరచెంగు నడుముకు దోపి, లేవబోయిన అమ్మను ఆపి, నేరుగా వంటింట్లోకి నడిచింది.

"పిల్లా, నువ్వు లెవ్వకు. నెల దినాలల్ల నిన్ను ఎడ్ల బండికి కట్టేటట్టు చేస్త సూడు."

కిచిడీలో నెయ్యి, జొన్న గటకలో నెయ్యి, రొట్టె మీద నెయ్యి. ఆదివారం పొద్దున్నే బాపుతో మేకకాళ్ళు తెప్పించి పాయా వండింది. గిన్నె మీద వేలు మందం కొవ్వు తేలింది. దాన్ని తీసేద్దామా అని నేను మెల్లగా అడిగితే నవ్వింది.

"పోరీ, బలమంత దాంట్లనే ఉంటది. బుక్కులల్ల గిది రాయలేదా?"

అమ్మ తాగింది. నిజంగా తాగింది. గుక్క గుక్కకూ కళ్ళు మూసుకుని, ఎవరో వెనక నిలబడి లెక్కపెడుతున్నట్టు తాగింది. ఆ మధ్యాహ్నం నుంచి కడుపులో మెలిపెట్టి, పెరట్లోకి నాలుగుసార్లు పోయింది.

మా వాకిట్లో రెండు పోర్షన్లు, పెరట్లో ఇద్దరికీ ఒకటే లెట్రిన్. పక్క పోర్షన్‌లో కోస్తా నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు. ఆయనదీ బాపు ఫ్యాక్టరీయే, సూపర్‌వైజరు. అమ్మ బయటకు వచ్చాక నేను లోపలికి పోయి నీళ్ళు పోసేదాన్ని. ఎన్ని పోసినా పోయేది కాదు. పాలిపోయిన రంగు, పైన నూనె జిడ్డు, వాసన గోడలకు పట్టుకునేది. నేను ముక్కుకు చున్నీ కట్టుకోవడం ఒకసారి అమ్మ చూసింది.

"ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అంది. "మీ బాపుకు గూడ."

చెప్పనన్నాను. చెప్పకపోవడం నాకు చాలా తేలిక. చిన్నప్పటి నుంచి నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. రాత్రి నోటుబుక్కులో మాత్రం రాసుకున్నాను, ఎన్నిసార్లు, ఏ రంగు, ఏం తిన్నాక అని. నోటుబుక్కు అడగదు, చూడదు, ముఖం చిట్లించదు.

పదిహేను రోజులకు చూపించడానికి వెళ్ళాం. అమ్మ బరువు నలభై రెండుకు కొంచెం పైన ఉంది. గదిలో డాక్టరు, ఆయన వెనక డాక్టరీ నేర్చుకునే పిల్లలు ఐదారుగురు, బాపు, అత్తమ్మ, నేను. డాక్టరు అన్నీ అడుగుతూ అడుగుతూ, "మోషన్ ఎలా అవుతోంది?" అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. నేను ఆ నేర్చుకునే పిల్లల్లో ఒకడి చెప్పుల వైపు చూశాను.

"మంచిగనే అయితుంది సార్" అంది అమ్మ.

డాక్టరు రాసుకున్నాడు. నా సంచిలో నోటుబుక్కు ఉంది. మూడు పేజీలు ఆ సంగతే ఉంది. జిప్పు తీస్తే చాలు. తీయలేదు. మగపిల్లల ముందు అమ్మ మలం గురించి మాట్లాడటమా అని సిగ్గుపడ్డాను. అమ్మను కాపాడుతున్నానని కూడా అనుకున్నాను.

"మరి బరువు తగ్గుతోందంటే తినట్లేదు. ఇంకా తినాలమ్మా" అని డాక్టరు మా చేతికి కాగితం ఇచ్చాడు.

ఆ మాటను అత్తమ్మ ఇంటికి మోసుకొచ్చింది. అప్పటిదాకా ముద్దుచేసిన నోరే ఇప్పుడు పొడవసాగింది.

"పెద్ద డాక్టరే అన్నడు తింటలేదని. ఇంటిల్లిపాది నీ ఎంబడి పరేషాన్ అయితున్నరు. మా తమ్ముడు డ్యూటీ ఇడిసి తిరుగుతుండు. నువ్వేమో పిట్ట లెక్క పొడుస్తున్నవ్."

"తింటున్న వదినె. మస్తు తింటున్న. ఏడికి పోతుందో నాకేమెరుక?"

"తిన్నదేడికి పోతది? ఒంటికి పట్టకపోతే గాలిలకు పోతదా?"

బాపు డ్యూటీ నుంచి వచ్చి అమ్మ ముందు కూర్చుని, ఆమె పళ్ళెం వైపు చూస్తూ ఉండేవాడు. అదే ఎక్కువ బాధపెట్టేదని అమ్మ తర్వాత చెప్పింది. "తిట్టినోళ్ళకు జవాబియ్యొచ్చు. సూసేటోనికి ఏం జెప్తం?"

నెల తిరిగేసరికి అమ్మ ఆకలి పూర్తిగా చచ్చిపోయింది. చచ్చిపోవడం అంటే తిండి మీద విరక్తి కాదు, భయం. తింటే నొప్పి, నొప్పి తర్వాత పరుగు, పరుగు తర్వాత పక్కింటామె బకెట్ల చప్పుడు. తాలింపు వాసనకు ముఖం తిప్పుకునేది. అయినా ఎదురుచెప్పకుండా పళ్ళెం ముందు కూర్చునేది. ఒకరోజు మధ్యాహ్నం నేను పెరట్లోకి వస్తే, గోడ వారగా వంగి, చేతిలోని రొట్టెముక్కలను వీధికుక్కకు వేస్తోంది. నెయ్యి కారుతున్న రొట్టె.

నేను ఎప్పుడూ ఎవరి మీదా గొంతు పెంచినదాన్ని కాదు. బడిలో పిల్లలు కూడా నా మాట వినేవాళ్ళు కాదు. ఆ రోజు అమ్మ మీద అరిచాను. నీకు బతకాలని లేదా అన్నాను. మమ్మల్ని చంపడానికే ఇదంతా చేస్తున్నావన్నాను. జీవితంలో మొదటిసారి అరిచాను, అరవకూడని మనిషి మీద అరిచాను. అమ్మ చెయ్యి కడుక్కుని లోపలికి వచ్చి, తిన్నంక గడిలోని గోలీలు వరుసగా వేసుకుంది. పట్టిక చెప్పినట్టు ఆమె ఒక్కరోజూ తప్పలేదు.

ఆ వారం కిరాణా కొట్లో తూకం మీద నిలబెడితే ముప్పై తొమ్మిది.

పక్కింటామె నన్ను వాకిట్లో ఆపింది ఆ మరుసటి రోజే. తడి చీపురు చేతిలోనే ఉంది. ఆమె మాట మా మాటలా ఉండదు, సాగదీసినట్టు ఉంటుంది.

"ఏమ్మా, ఒక్క నిమిషం. నాలుగు బకెట్లు పోసినా పోవట్లేదు. మా పిల్లలు లోపలికి వెళ్ళనంటున్నారు. నేను అనకూడదు గానీ, ఎన్నాళ్ళని ఊరుకుంటాం?"

"నేను కడుగుతున్నానండీ" అన్నాను, ఆమెతో మాట్లాడేటప్పుడు నాకు తెలియకుండానే వచ్చే అండీతో.

"కడగటం సంగతి కాదు. నూనె తేలుతోంది చూశావా? మీ అమ్మగారికి తిన్నది తిన్నట్టే పోతోంది. డాక్టరుకి చెప్పారా?"

నేను ఆమె చేతిలోని చీపురు అందుకోబోయాను.

"చెప్పలేదా! అయ్యో రాత, చదువుకున్నదానివి గదా. దానికి సిగ్గేంటి తల్లీ? లోపలికి పోయేదాన్ని గురించి ఇంటిల్లిపాదీ మాట్లాడతారు, బయటికొచ్చేదాన్ని గురించి ఒక్కళ్ళూ మాట్లాడరా?"

కోపంతో నా చెవులు వేడెక్కాయి. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆమెను నోటుబుక్కులో అరపేజీ తిట్టాను. తిట్టి, వెనక్కి తిప్పి, నెలన్నర పేజీలు మొదటి నుంచి చదివాను. పాయా తాగిన రోజు నాలుగుసార్లు. నెయ్యి రొట్టె తిన్న రోజు ఐదుసార్లు. అత్తమ్మ కోహీర్ వెళ్ళిన రెండు రోజులు, నేను ఉత్త పెసరపప్పు కట్టు, అన్నం పెట్టినప్పుడు, ఒక్కసారి. ఎవరైనా చదివి ఉంటే తెలిసిపోయేది. రాసినదాన్ని నేనే.

మర్నాడు బాపుకు, మునుపు పనిచేసిన బడిలో పని ఉందని చెప్పి హైదరాబాద్ బస్సెక్కాను. అంతదూరం ఒంటరిగా పోవడం అదే మొదటిసారి. డాక్టరు ఆపరేషన్ గదిలో ఉన్నాడు. ఆహారం గురించి చెప్పే మేడమ్ దగ్గరకు పంపారు. నాకంటే రెండేళ్ళు పెద్దదేమో. నోటుబుక్కు తెరిచి ఆమె ముందు పెట్టాను. ఆమె పేజీలు తిప్పుతూ పోయింది.

"ఇంత బాగా రాశారు, రివ్యూలో చూపించలేదా?"

తల అడ్డంగా ఊపాను.

"ఎంజైమ్ గోలీలు ఇస్తున్నారా?"

"ఇస్తున్నాం. తిన్నాక."

"తిన్నాకంటే?"

"చెయ్యి కడుక్కుని... అర్ధగంటకు."

ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది. కోప్పడలేదు. కోప్పడకుండా చెప్పింది గనుక ప్రతి మాటా నాకు అలాగే గుర్తుంది. తిన్నదాన్ని అరిగించే రసం క్లోమం నుంచి వస్తుంది. అమ్మకు ఇప్పుడు ఆ రసం సరిపడా లేదు. ఆ గోలీలోనే ఆ రసం ఉంటుంది. అది ముద్దలతో కలిసి కడుపులోకి పోతేనే పని. మొదటి ముద్దతో ఒకటి, సగం తిన్నాక ఇంకొకటి. తిండి ముందుకు పోయాక అర్ధగంటకు వేస్తే, పెళ్ళి అయిపోయాక వచ్చిన పంతులు లాంటిది. అరగని కొవ్వే అలా తేలుతుంది. ఆ గోలీ లేకుండా ఎంత నెయ్యి పోస్తే అంత నష్టం.

"ఆమె తింటోంది పాపం" అంది. "మీరు తిననట్టు చేశారు."

ఇంజక్షన్లు ఈపాటికి మొదలై ఉండాలని కూడా అంది. బరువు వచ్చేదాకా ఇక ఆగాల్సిందే.

ఇంటికి వచ్చి గోడ మీది పట్టిక చించేశాను. ఏమైందని అమ్మ అడిగితే, "డాక్టరు మందు పద్ధతి మార్చిండమ్మా" అన్నాను. అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆరుసార్లు కొంచెం కొంచెం తినాలని, నెయ్యి ప్రస్తుతానికి వద్దని, గోలీ ముద్ద మధ్యలో వేయాలని చెప్పాను.

"ఎంగిలి చేతితోని గూట్ల చెయ్యి పెడుదునా?"

"నువ్వు పెట్టకు. నేను నోట్లె ఏస్త."

మొదటి ముద్ద అమ్మ నోట్లో ఉండగానే గోలీ ఆమె నాలుక మీద పెట్టాను. చంటిపిల్లలా నోరు తెరిచింది. సగం పళ్ళెం దగ్గర మళ్ళీ తెరిచింది. అది చూసి అత్తమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఎంగిలి నోట్లె గోలీ! ఏం డాక్టర్లో ఏమో, మాయమ్మ."

నాలుగోరోజుకు నొప్పి తగ్గింది. వారానికి పెరట్లోకి పరుగులు ఆగాయి. ఇంకో పది రోజులకు, నేను అన్నం వారుస్తుంటే అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"పచ్చిపులుసు ఉంటే బాగుండు."

మూడు నెలల్లో ఆమె నోటివెంట ఫలానాది కావాలన్న మాట అదే మొదలు. గబగబా చింతపండు పిసికాను. ఉల్లిగడ్డలు ఎక్కువ వేశాను. అమ్మ తిని, "ఉప్పు తక్కువైంది" అంది. ఆకలితో పాటు వంకలు కూడా వచ్చాయి. రొట్టె మందమైందనేది, పప్పు ఉడకలేదనేది. ఎదురుచూడకుండా, ఎవరూ వడ్డించకముందే, పదకొండింటికే పళ్ళెం పెట్టుకుని కూర్చునేది. జామపండు గింజలు తీసేసి, మెత్తని గుజ్జు ఒక చెంచా, రెండు చెంచాలు. నలభై. నలభై ముప్పావు.

అత్తమ్మ వీధంతా చెప్పుకుంది. "నేను గట్టిగ తిట్టినంకనే గాడిన పడ్డది. లేకుంటే పిల్లల లెక్క గారాలు వోయేది." అమ్మ ఆ మాట విని తల వంచుకునేది. ఒకసారి బాపుతో అనడం విన్నాను. "తప్పు నాదే. ముందుగాల్నే గిట్ల తింటే సూదులు గూడ మొదలైతుండె. నేనే సరిగ తినకపోతి."

ఆ మాటను మోయలేకపోయాను. అత్తమ్మ కోహీర్ వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నప్పుడు, ఆమె పెరుగన్నం తింటుండగా చెప్పాను. పట్టిక తప్పు నేను రాశానని, డాక్టరు ఏమీ మార్చలేదని, ఆ రోజు గదిలో నోరు విప్పలేదని, బడి అని చెప్పి హైదరాబాద్ పోయానని, అన్నీ.

అమ్మ నమలడం ఆపింది.

"అంటే నేను తిన్న."

"తిన్నవమ్మా."

"కక్కొస్తున్నా మింగిన. కడుపు పలుగుతున్నా తిన్న. గా పాయ గూడ తాగిన."

"అవునమ్మా."

"కుక్కకేసిన నాడు నువ్వు ఏమంటివి నన్ను?"

ఆమెకు గుర్తుంది, అందుకే అడిగింది. గోడ మీద పట్టిక ఉన్నచోటు చూసింది. టేపు మరకలు నాలుగు ఉన్నాయి.

"నాకైతే అచ్చరం ముక్క రాదు. నువ్వు సదివినదానివి కద బిడ్డా."

ఏ తిట్టూ అంత లోతుకు పోదు. ఇంకా అయిపోలేదు. ఎడమచేత్తో ఫోన్ నా వైపు తోసింది.

"మీ అత్తమ్మకు కలుపు. నువ్వే చెప్పు, నీ నోటితోని. స్పీకర్ పెట్టు. నేను వింట."

కలిపాను. తడబడుతూ చెప్పాను. మలం అనే మాట కూడా అన్నాను. అత్తమ్మ అంతా వింది.

"అయితే ఏమాయె? ఇప్పుడు తింటున్నది కద. ఫికర్ చేయకున్రి. ఆదివారం వస్త, ఏమన్న తేవాల్నా?"

అమ్మ ఫోన్ వైపు వంగింది. "నెయ్యి మాత్రం తేకు వదినె" అంది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. బాపుకు కూడా ఆ సాయంత్రం నాతోనే చెప్పించింది. బాపు జేబులోంచి ఆ బొమ్మ కాగితం తీసి, మడతలు విప్పి చూసి, మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అమ్మ తినేటప్పుడు ఎదురుగా కూర్చోవడం మానేశాడు.

నలభై రెండు దాటేసరికి ఆపరేషన్ అయి నాలుగు నెలలు కావస్తోంది. దవాఖానలో తూకం చూసి డాక్టరు సంతోషించాడు. ఇంజక్షన్లకు తారీఖు రాశాడు. అమ్మ, బాపు బయటకు నడిచాక నేను ఆగిపోయాను. నేర్చుకునే పిల్లలు ఆ రోజు కూడా ఉన్నారు.

"సార్, ఆలస్యమైంది కదా. దాంతో నష్టం జరిగిందా?"

ఆయన నా వైపు చూశాడు. అంతకుముందు నేను మాట్లాడగలనని ఆయనకు తెలియదేమో.

"ముందే మొదలైతే బాగుండేది. ఎంత తేడా వస్తుందో ఎవరూ చెప్పలేరమ్మా."

అమ్మ వరండాలో బెంచీ మీద అన్నం డబ్బా తెరిచి కూర్చుంది. పదకొండైంది, ఆమె ఆకలివేళ. పక్కన ఎవరో నీరసంగా గోడకు తల ఆనించి ఉన్నారు. బాపు నీళ్ళ కోసం వెళ్ళాడు.

"ఏమడిగినవ్ లోపట?"

దాచలేదు. అడిగింది అడిగినట్టు, ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్పాను. అమ్మ అన్నం వేళ్ళతో కలుపుతూ వింది. నన్ను దగ్గరికి తీసుకోలేదు. నేను కూడా దగ్గరికి జరగలేదు.

"ఆయనకు తెల్వదు, నీకు తెల్వదు" అంది. "తినుడు మాత్రం నాది."

ముద్ద ఎత్తి, నా గోలీ కోసం నోరు తెరిచింది.